తట్టి వింటే చాలదు, కోసి చూడాలి

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ గుర్తుందా? 2021లో బాటసింగారం తరలిపోయే దాకా, ఎండాకాలం వచ్చిందంటే కొత్తపేట రోడ్డు మీద పుచ్చకాయల లారీలే లారీలు. అక్కడ కాయలు ఏరేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? కాయను వేలితో రెండుసార్లు తడతారు. మోత విని ఇది పండింది, ఇది పచ్చిది అని తేల్చేస్తారు. మనం తడితే అన్ని కాయలూ ఒకేలా మోగుతాయి. వాళ్ల చెవిలో ప్రత్యేకమైన మిషన్ ఏమీ లేదు. వాళ్లు వేల కాయలు తట్టారు, తట్టిన వాటిని కోసి కూడా చూశారు. ఏ మోతకు లోపల ఏ రంగు ఉంటుందో వాళ్ల దగ్గర లెక్క ఉంది. మన దగ్గర ఉన్నది మోత ఒక్కటే.

భూమి కింద ఏముందో వెతికే పని కూడా ఇలాంటిదే. చమురు, గ్యాస్ కంపెనీలు చేసే సీస్మిక్ సర్వే అంటే భూమిని తట్టడమే. నేల మీద అయితే పెద్ద పెద్ద వైబ్రేటర్ లారీలతోనో, చిన్న పేలుళ్లతోనో తడతారు. సముద్రంలో అయితే ఎయిర్ గన్లతో. ఆ తరంగాలు కిందికి వెళ్లి, రాతి పొరలు మారిన చోటల్లా కొంత వెనక్కి తిరిగి వస్తాయి. వేల సెన్సర్లు ఆ ప్రతిధ్వనులను రికార్డు చేస్తాయి. టెరాబైట్ల కొద్దీ డేటా. దాన్ని ప్రాసెస్ చేస్తే అందమైన రంగుల చిత్రం వస్తుంది. చూసేవాళ్లకు అది భూగర్భం ఫొటో అనిపిస్తుంది. కానీ అది ఫొటో కాదు, మోత. ఒక పొరకూ దాని కింది పొరకూ మధ్య సాంద్రతలో, తరంగం వెళ్లే వేగంలో తేడా ఎంత ఉందో అంతవరకే అది చెబుతుంది. అది ఇసుకరాయా, బంకరాయా, రంధ్రాల్లో ఉన్నది నీళ్లా, గ్యాసా అన్నది ఆ చిత్రం తనంతట తాను చెప్పదు.

చెప్పేది ఎవరు మరి? కోసి చూసినవాళ్లు. అంటే రాతి ముక్కను ల్యాబులో పెట్టి కొలిచినవాళ్లు. ఈ శాస్త్రం పేరు రాక్ ఫిజిక్స్. కెరీర్ పేజీలో రాళ్ల గోల ఏంటని తిప్పేయకండి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి గల్లీల్లో డేటా సైన్స్, ఏఐ కోర్సుల పోస్టర్లు చూస్తూ ఏది నేర్చుకోవాలో తేల్చుకోలేకపోతున్న ఇంజినీరింగ్ మిత్రుల కోసమే ఇది రాస్తున్నా. నా మాట సూటిగా చెబుతా: డేటాకు అర్థం ఎక్కడ పుడుతుందో అక్కడికి వెళ్లి నేర్చుకోనివాడు ఎన్ని మోడళ్లు ట్రెయిన్ చేసినా మోత వినేవాడే అవుతాడు.

ల్యాబులో జరిగేది ఏంటి?

బావి తవ్వేటప్పుడు గొట్టంలా ఉండే డ్రిల్‌తో పొడుగాటి రాతి స్తంభం బయటికి తీస్తారు. దాన్ని కోర్ అంటారు. అందులోంచి ఇంచో, ఇంచున్నరో వ్యాసం, రెండు ఇంచుల పొడవు ఉండే చిన్న ముక్క కోసి రెండు కొసలనూ నున్నగా అరగదీస్తారు. ఒక కొసకు తరంగం పంపే క్రిస్టల్, రెండో కొసకు అందుకునే క్రిస్టల్ బిగిస్తారు. ఈసీఈ వాళ్లకు ఇది సుపరిచితమే, పీజో ట్రాన్స్‌డ్యూసర్. ఒక పల్స్ పంపి, అవతలికి చేరడానికి ఎంతసేపు పట్టిందో ఓసిల్లోస్కోప్‌లో చూస్తారు. తరంగం సెకనుకు 4 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఇసుకరాయి అనుకోండి. 5 సెంటీమీటర్ల ముక్క దాటడానికి 12.5 మైక్రోసెకన్లు. అంతే. పొడవును సమయంతో భాగిస్తే వేగం.

వినడానికి ఇంటర్ ప్రాక్టికల్స్‌లా ఉంది కదా? చిక్కంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. 2 కిలోమీటర్ల లోతున ఉన్న రాయి మీద సుమారు 50 మెగాపాస్కల్స్ బరువు ఉంటుంది, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 500 రెట్లు. బయటికి తీయగానే ఆ బరువు పోతుంది, లోపలి సన్నటి పగుళ్లు తెరుచుకుంటాయి, వేగం పడిపోతుంది. అందుకే ముక్కను నూనె నింపిన ఉక్కు పాత్రలో పెట్టి మళ్లీ ఆ ఒత్తిడి కల్పించాలి. రంధ్రాల్లో ఉప్పునీళ్లు నింపి ఒకసారి, గ్యాస్ నింపి ఒకసారి, ఎండబెట్టి ఒకసారి కొలవాలి. నొక్కితే సాగే పి తరంగం వేరు, అడ్డంగా ఊగే ఎస్ తరంగం వేరు, రెండూ కావాలి. ఒక్క ముక్క మీద రోజుల తరబడి పని. ఇన్ని రోజుల తర్వాత చేతికి వచ్చేది ఒక చిన్న పట్టిక.

ఆ చిన్న పట్టికలే ఈ రంగం నడకను మార్చాయి. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హాన్ అనే పరిశోధకుడు, సహచరులతో కలిసి, డెబ్బైకి పైగా ఇసుకరాతి ముక్కలను ఇలాగే కొలిచాడు. అప్పటిదాకా రంధ్రాలు ఎక్కువైతే వేగం తగ్గుతుందని ఒక్క గీత గీసి సరిపెట్టుకునేవాళ్లు. హాన్ కొలతల్లో తేలింది ఏంటంటే, రాతిలో కొద్ది శాతం బంకమట్టి ఉన్నా వేగం చెప్పుకోదగ్గంత పడిపోతుంది. అంటే సీస్మిక్‌లో వేగం తగ్గిన చోటల్లా రంధ్రాలున్న మంచి రాయి ఉందని సంబరపడితే, కింద బంక తగలొచ్చు. ఈ సంగతి ఏ న్యూరల్ నెట్‌వర్కూ కనిపెట్టలేదు. ఒక మనిషి కూర్చుని ముక్క తర్వాత ముక్క కొలిస్తే తెలిసింది.

గ్యాస్ సంగతి ఇంకా విచిత్రం. బండి డిస్క్ బ్రేక్ లైనులో గాలి బుడగ చేరితే ఏమవుతుంది? చిన్న బుడగే, అయినా లివర్ మెత్తగా లోపలికి పోతుంది. ద్రవం నొక్కుకోదు, గాలి నొక్కుకుంటుంది. కాస్త గాలి చాలు, మొత్తం లైను మెత్తబడుతుంది. రాతి రంధ్రాల్లో కూడా ఇదే కథ. తక్కువ లోతులో ఉండే మెత్తటి ఇసుకరాళ్లలో నీళ్లకు తోడు 5 శాతం గ్యాస్ చేరినా పి తరంగం వేగం దబ్బున పడిపోతుంది. ఆ తర్వాత గ్యాస్ 80 శాతానికి పెరిగినా వేగంలో పెద్ద మార్పు ఉండదు. సీస్మిక్ చిత్రంలో రెండూ ఒకేలా మెరుస్తాయి. ఒకటి కోట్ల లాభం, ఇంకొకటి సోడా నీళ్లు. ఒక రాతిలో ఒక ద్రవం తీసి ఇంకొకటి నింపితే వేగం ఎంత మారుతుందో లెక్కగట్టే సూత్రాన్ని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ గాస్‌మన్ 1951లో ఇచ్చాడు. ఇవాళ్టికీ అదే వాడతారు. కానీ ఆ సూత్రంలో వేయడానికి రాతి అస్థిపంజరం ఎంత గట్టిదో తెలియాలి, అందులోని ఖనిజం ఎంత గట్టిదో తెలియాలి. ఆ అంకెలు మళ్లీ ల్యాబులోంచే రావాలి.

కృష్ణా-గోదావరి చెప్పిన పాఠం

ఇవన్నీ ఎక్కడో టెక్సాస్ ముచ్చట్లు అనుకోకండి. మన తీరం నుంచే చెబుతా. 2006లో భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద జాయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌక మన సముద్రాల్లో తిరిగింది. గ్యాస్ హైడ్రేట్ అంటే మీథేన్‌ను లోపల బంధించుకున్న మంచు. చల్లదనం, ఒత్తిడి రెండూ ఉన్న చోట సముద్రం అడుగున గడ్డకట్టి ఉంటుంది. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే సుమారు 160 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. సీస్మిక్ చిత్రాల్లో సముద్రపు అడుగుకు సమాంతరంగా ఒక గీత కనిపిస్తే, దాని పైన హైడ్రేట్ ఉండొచ్చని అనుమానిస్తారు. అలాంటి గుర్తులు చూసే కృష్ణా-గోదావరి బేసిన్‌లో, దాదాపు కిలోమీటరు లోతు నీళ్ల కింద, పదో నంబరు సైట్‌లో తవ్వారు. దొరికింది. అప్పటికి ప్రపంచంలో సముద్రాల కింద కనిపించిన హైడ్రేట్ నిల్వల్లో బాగా సమృద్ధమైన వాటిలో అది ఒకటి.

ఎంత ఉంది? ఇక్కడే అసలు కథ. బావిలోకి దించిన పరికరం రాతి విద్యుత్ నిరోధకతను కొలిచింది. హైడ్రేట్‌లో కరెంటు పారదు కాబట్టి, నిరోధకత ఎక్కువ ఉంటే హైడ్రేట్ ఎక్కువ ఉన్నట్టు. దీనికి 1942 నాటి ఆర్చీ సూత్రం వాడతారు. అందులోని గుణకాలు ఇసుకరాళ్ల కోర్‌లను ల్యాబులో కొలిచి తేల్చినవి. ఆ మామూలు పద్ధతిలో లెక్కేస్తే, సముద్రపు అడుగుకు 25 నుంచి 160 మీటర్ల కింద రంధ్రాల్లో సగానికి పైగా హైడ్రేటే ఉన్నట్టు వచ్చింది. కొన్ని చోట్ల 80 శాతం దాకా. పండగే కదా!

కానీ ఆ నౌక మీద ఇంకో పని కూడా చేశారు. మామూలుగా తీసిన కోర్ పైకి వచ్చేసరికి హైడ్రేట్ కరిగి, మూత తీసిన సోడాలా గ్యాస్ పోతుంది. అందుకని సముద్రం అడుగున ఉన్న ఒత్తిడిని అలాగే పట్టి ఉంచే ప్రెషర్ కోర్‌లు తీశారు. వాటిని ల్యాబులో మెల్లగా విప్పుతూ ఎంత గ్యాస్ బయటికి వచ్చిందో కొలిచారు. పక్క బావుల నుంచి వచ్చిన ఆ ముక్కలు చెప్పిన లెక్క: 26 శాతం లోపే.

80 ఎక్కడ, 26 ఎక్కడ! అలాగని పరికరం చెడిపోలేదు, లెక్క కట్టినవాళ్లకు గుణకారం రాకా కాదు. అక్కడి హైడ్రేట్ ఇసుక రేణువుల మధ్య సమంగా పరుచుకుని లేదు. బంకమట్టిలో దాదాపు నిలువుగా ఉన్న పగుళ్లలో పలకల్లా గడ్డకట్టింది. నిలువు పలకలకు అడ్డంగా పారాల్సిన కరెంటుకు అవి గోడల్లా అడ్డుపడతాయి. అందుకే కాస్త హైడ్రేటే కొండంత కనిపించింది. 2009లో మైంగ్ లీ, టిమొతీ కొలెట్ ఈ తేడాకు ముఖ్య కారణం ఇదేనని చూపించారు. పగుళ్లున్న రాతికి తగ్గట్టు గుణకాలు మార్చి, పి, ఎస్ తరంగాల వేగాలను కూడా చేర్చి మళ్లీ లెక్కేస్తే రెండు అంకెలూ చాలా వరకు దగ్గరికి వచ్చాయి. పూర్తిగా కలిశాయా అంటే లేదు, కొంత తేడా మిగిలింది. నాకు ఈ కథలో నచ్చేది అదే. చేతిలో ముక్క ఉంది కాబట్టి తేడా ఉందని తెలిసింది. ముక్క లేకపోతే 80 శాతమే ప్రెజెంటేషన్లలో తిరుగుతూ ఉండేది.

ఇదే బేసిన్‌లోని డీ6 గ్యాస్ కథ తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని అంచనా. 2010లో 6 కోట్లు దాటి, అక్కడి నుంచి జారడం మొదలై, 2013 నాటికి 2 కోట్ల లోపుకి పడిపోయింది. ఆ గ్యాస్‌ను నమ్ముకుని వేమగిరి, కొండపల్లి లాంటి చోట్ల కట్టిన విద్యుత్ కేంద్రాలు నెలల తరబడి ఊరికే నిలబడ్డాయి. బావులు సరిపడా తవ్వకపోవడం వల్లే అని ప్రభుత్వం, భూగర్భం ఊహించిన దానికంటే చిక్కుగా ఉండటం వల్ల అని కంపెనీ వాదించుకున్నాయి. ఎవరిది రైటో తేల్చడం నా పని కాదు, ల్యాబు కొలతలుంటే అన్నీ చక్కబడేవి అని కూడా అనను. చెప్పేది ఒక్కటే. భూగర్భంలో ఒక అంకె తప్పితే అది శాస్త్రవేత్తల కాగితం మీద ఆగదు. ఆ బ్యాంకు లోను, ఆ కరెంటు బిల్లు మన దాకా వస్తాయి.

ఇక మన ఏఐ సంగతికి వద్దాం. 2018లో కాగుల్‌లో టీజీఎస్ అనే సంస్థ ఒక పోటీ పెట్టింది: సీస్మిక్ చిత్రాల్లో ఉప్పు ఎక్కడుందో గుర్తించండి అని. వేలాది జట్లు పాల్గొన్నాయి. మంచి పోటీ, ఇప్పటికీ నేర్చుకోవడానికి చాలామంది ఆ డేటానే వాడతారు. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. ఇది ఉప్పు, ఇది కాదు అని అందులో లేబుల్ పెట్టింది ఎవరు? మనుషులే. వాళ్లకు ఎలా తెలుసు? ఉప్పులో తరంగం వేగం సెకనుకు దాదాపు 4.5 కిలోమీటర్లు, సాంద్రత 2.1 చిల్లర అని ఎవరో, ఎప్పుడో, ముక్క తీసి కొలిచారు కాబట్టి. ఉప్పు గట్టి గుర్తులున్న రాయి కాబట్టి పని జరిగిపోయింది. బంక ఎంత, ఇసుక ఎంత, గ్యాస్ 5 శాతమా 80 శాతమా అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మనిషి పెట్టే లేబులే అనుమానం. అనుమానపు లేబుళ్లతో ట్రెయిన్ చేసిన మోడల్ అదే అనుమానాన్ని 97 శాతం అక్యురసీతో మీకు తిరిగి ఇస్తుంది. స్క్రీన్ మీద అంకె చూసి క్లయింట్ చప్పట్లు కొడతాడు, అది వేరే విషయం.

అలాగని ల్యాబువాళ్లను నెత్తిన పెట్టుకోమనను. వాళ్ల లెక్కలోనూ పెద్ద గండి ఉంది. ల్యాబులో పంపే తరంగం మెగాహెర్ట్జ్ స్థాయిది, రాతిలో దాని అల పొడవు 3, 4 మిల్లీమీటర్లు. సీస్మిక్ తరంగం 30 హెర్ట్జ్, అల పొడవు 100 మీటర్ల పైమాటే. బొటనవేలంత ముక్కలో కొలిచింది ఎల్బీ నగర్ అంత పొరకు వర్తిస్తుందా? రంధ్రాల్లో ద్రవం ఉన్నప్పుడు వేగం ఫ్రీక్వెన్సీతో పాటు మారుతుంది కూడా. పైగా బాగా పగిలిన రాతి నుంచి సరైన ముక్కే రాదు, కాబట్టి ల్యాబుకు చేరేవి ఎప్పుడూ గట్టి ముక్కలే. అంటే పరీక్షకు టాపర్లను మాత్రమే పంపి కాలేజీ సగటు ఇదీ అని చెప్పినట్టు. ఈ గండిని పూడ్చడానికే మధ్యలో బావి కొలతలు, సూత్రాలు, ఇప్పుడు మీ ఏఐ కూడా కావాలి. మెషీన్ లెర్నింగ్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడ: కొద్ది కోర్‌లు, బోలెడు సీస్మిక్, మధ్యలో భౌతికశాస్త్రపు నియమాలు. కోర్‌లను తీసేసి మిగతా రెండూ ఉంచుకుంటానంటేనే నాకు పేచీ.

ఈ కొలతల విద్య మనకు కొత్త కూడా కాదు. 1940ల్లోనే వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, సూరి భగవంతం, ఆయన దగ్గర పనిచేసిన భీమసేనాచార్ స్ఫటికాల్లోకి అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి వాటి గట్టిదనాన్ని కొలిచారు. వజ్రం కూడా అందులో ఉంది. 1961లో హైదరాబాద్‌లో ఎన్జీఆర్ఐ వచ్చింది. అక్కడి వై.వి.రమణ, బి.వెంకటనారాయణ 1973లో కోలార్ బంగారు గనుల రాళ్ల మీద ల్యాబు కొలతలు ప్రచురించారు. కంప్యూటర్ అంటే ఒక గదంత ఉండే రోజులవి. ఇవాళ మన చేతిలో ల్యాప్‌టాప్ ఉంది, ఆ ఓపికే తక్కువ.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. 2017లో నేషనల్ డేటా రిపాజిటరీ తెరిచి దేశంలోని సీస్మిక్, బావుల డేటాను ఒక చోట పెట్టడం మంచి పని. కోర్ కొలతలను కూడా అంతే సులువుగా, స్కాన్ చేసిన పాత రిపోర్టుల్లా కాకుండా, కంప్యూటర్ చదవగలిగే పట్టికల్లా విద్యార్థులకు ఇవ్వాలి. నార్వే కంపెనీ ఈక్వినార్ 2018లో తన వోల్వ్ క్షేత్రం డేటా మొత్తాన్ని ఉచితంగా బయటపెట్టింది. అప్పటి నుంచి ప్రపంచంలో ఈ సబ్జెక్టు నేర్చుకునే కుర్రాళ్లు ఉత్తర సముద్రం రాళ్లతో నేర్చుకుంటున్నారు. కాకినాడ ఎదురుగా ఉన్న రాళ్లతో నేర్చుకునే అవకాశం మన పిల్లలకు ఉండొద్దా?

మీకు ఆసక్తి పుట్టిందనుకుందాం. ముందే చేదు నిజం చెప్పేస్తా. కేవలం బీటెక్ సీఎస్ఈతో జియోఫిజిసిస్ట్ పోస్టు రాదు. ఓఎన్జీసీ లాంటి సంస్థల ప్రకటనల్లో ఆ పోస్టుకు జియోఫిజిక్స్ పీజీనో, దానికి దగ్గరి ఎంటెక్‌నో అడుగుతారు. కోచింగ్ ఫీజు కట్టే ముందు అర్హతల గడి చదవండి. డిగ్రీలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నవాళ్లకు దారి సులువు: ఉస్మానియాలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియోఫిజిక్స్ విభాగాలున్నాయి. ధన్‌బాద్, ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీల్లోనూ ఉంది. గేట్‌లో జీజీ అనే పేపరు, యూపీఎస్సీలో జియో సైంటిస్ట్ పరీక్ష ఉన్నాయి. రెండోదాని ద్వారా జియలాజికల్ సర్వేకు వెళ్లొచ్చు. ఈసీఈ, మెకానికల్ వాళ్లకు ల్యాబు పరికరాల వైపు తలుపు ఉంది. 50 మెగాపాస్కల్స్ ఒత్తిడి పట్టే పాత్ర తయారుచేయడం, మైక్రోసెకన్‌లో పదో వంతు తేడాను పట్టుకునే ఎలక్ట్రానిక్స్ రాయడం చిన్న పనులు కావు. సీఎస్ఈ వాళ్లు వోల్వ్ డేటా డౌన్‌లోడ్ చేసుకుని, ముందు మోడల్ జోలికి పోకుండా, గాస్‌మన్ సూత్రాన్ని పైథాన్‌లో రాయండి. ఇరవై లైన్లు. అందులో నీళ్ల స్థానంలో గ్యాస్‌ను ఒక్కో శాతం పెంచుతూ వేగం గ్రాఫ్ గీయండి. బ్రేక్ లైను బుడగ కళ్ల ముందు కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో ఆ గ్రాఫ్ గురించి పది నిమిషాలు మాట్లాడగలిగితే సర్టిఫికెట్ కంటే అదే నయం.

ఎన్జీఆర్ఐ మనకు పది కిలోమీటర్ల లోపే. సెప్టెంబర్ 26 సీఎస్ఐఆర్ స్థాపక దినోత్సవం. ఆ సందర్భంగా సీఎస్ఐఆర్ ల్యాబుల్లోకి విద్యార్థులను రానివ్వడం ఆనవాయితీ. ముందు ఫోన్ చేసి తేదీ కనుక్కోండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మాత్రం ఊరంతా చుట్టి లైను మారాల్సి వస్తుంది. నాగోలు దాకా బస్సో ఆటోనో పట్టుకోండి, అక్కడి నుంచి మెట్రోలో మూడో స్టేషన్. స్టేషన్ పేరు కూడా ఎన్జీఆర్ఐయే.